నిచ్చెనల కోనలో ఒక రోజు – నా అనుభవం

నాకు ఎత్తంటే భయం. ఫ్యాను తుడవడానికి స్టూలెక్కినా కింద ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. అలాంటివాణ్ణి పోయిన ఏప్రిల్ చివర్లో స్లొవాకియాలో ఒక కోనలో, జలపాతం పక్కన బండకు బిగించిన ఇనప నిచ్చెన మధ్యలో, మెడ మీదుగా చొక్కాలోకి చన్నీళ్ళు కారుతుండగా, ముందున్న మనిషి కదిలితే గానీ కదలడానికి లేక వేలాడుతూ నిలబడ్డానంటే దానికి కారణం నా మేనల్లుడు. "మావయ్యా, ఈ వీడియో చూడు, చిన్నపిల్లలు కూడా ఎక్కేస్తున్నారు" అని రెండు నెలలు నా వెంటపడ్డాడు. చిన్నపిల్లలు ఎక్కేది వాళ్ళకి భయమంటే ఏమిటో తెలియక. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, సరే అనేశాను.

చోటు పేరు స్లొవెన్స్కీ రాయ్. స్లొవాకియా తూర్పు వైపు, హై టాట్రా పర్వతాలకి దక్షిణాన ఉంటుంది. సుమారు 198 చదరపు కిలోమీటర్ల సున్నపురాయి కొండలు, వాటిని వాగులు కోసుకుంటూ పోయి చేసిన ఇరుకు కోనలు. 1988లో నేషనల్ పార్క్ చేశారు, పేరు మాత్రం అంతకన్నా పాతది, 1921 నుంచీ ఉంది. రాయ్ అంటే వాళ్ళ భాషలో స్వర్గం. తెలుగువాడికి మాత్రం అది రాయి అనే వినిపిస్తుంది, ఆ రోజు సాయంత్రానికి నా మోకాలికి ఈ రెండో అర్థమే ఎక్కువ నచ్చింది.

మేం ఎంచుకున్న కోన సుఖా బెలా. ఇదీ పేరు చూసి మోసపోయేదే. సుఖా అంటే సుఖం కాదు, ఎండిపోయింది అని. మన సంస్కృతం శుష్కకి దూరపు చుట్టం ఆ మాట. బెలా అంటే తెల్లనిది. వేసవి చివర్లో వెళ్తే పేరుకి తగ్గట్టే ఉంటుందేమో గానీ, మంచు కరిగే కాలంలో వెళ్ళి ఎండిన వాగుని వెతుక్కుంటే ఎలా ఉంటుందో చెప్తాను.

ముందు చేసిన పనులు రెండున్నాయి, రెండూ మంచివే. ఒకటి, కోన తెరిచి ఉందో లేదో చూసుకోవడం. చలికాలం మంచు, వరదనీళ్ళు కలిసి చెక్క మెట్లని, నిచ్చెనల బిగింపుల్ని కదిలించేస్తుంటాయి కాబట్టి వసంతంలో మరమ్మతుల కోసం ఏదో ఒక కోన మూసి ఉండటం మామూలే. రెండోది ఇన్సూరెన్స్. స్లొవాకియాలో కొండల మీద కాలు విరిగి పర్వత రక్షక దళాన్ని పిలిస్తే వాళ్ళు వస్తారు, ఖర్చు మాత్రం మన దగ్గరే వసూలు చేస్తారు. ఒక్కరోజుకి కూడా పాలసీ దొరుకుతుంది, ఫోన్‌లోనే అయిపోయింది. వాళ్ళ నంబరు 18300 సేవ్ చేసుకున్నాను. మేనల్లుడు పక్కనుంచి చూసి "అంత అవసరమా" అన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు అలాగే అంటాడు.

దగ్గర్లోని పోప్రాడ్ అనే ఊళ్ళో రాత్రి పడుకుని, పొద్దున్నే బస్సులో హ్రాబుషిట్సే అనే ఊరికి వచ్చి, అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు పొలాల పక్కన నడిచి పొడ్‌లెసొక్ చేరాం. అడవి మొదలయ్యేది అక్కడే. టికెట్ గదిలో ఒక పెద్దావిడ ఉంది. డబ్బులు తీసుకుంది, మా బూట్లు చూడాలని కిటికీలోంచి కాస్త ముందుకి వంగింది, బాగానే ఉన్నాయన్నట్టు తలూపింది. తర్వాత నా చేతులు చూసి "రుకావిత్సే?" అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడ రెండు అరచేతులూ రుద్దుకుని మళ్ళీ అదే మాట అంది. చలిగా ఉంటుందని చెప్తోంది కాబోలనుకుని, కోటు జిప్పు పైకి లాగి చూపించి, నవ్వి వచ్చేశాను. ఆవిడ నవ్వలేదు.

కోన మొదట్లో ఏమీ లేదు, మామూలు అడవి దారి. బోర్డు మీద కిలోమీటర్లు ఉండవు, ఎంతసేపు పడుతుందో గంటల్లో రాసి ఉంటుంది. నాకు ఈ పద్ధతి నచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఒక కిలోమీటరుకి పది నిమిషాలూ పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. సుఖా బెలాకి రెండు గంటల పైచిలుకు వేశారు, మాకు మూడున్నర పట్టింది. చెట్ల మీద తెలుపు, ఆకుపచ్చ, తెలుపు పట్టీలు కనిపిస్తూ ఉంటే దారి తప్పలేదన్నమాట. పక్కనే ఇంకో బోర్డు, పైకి మాత్రమే అని బాణం గుర్తు. ఈ కోన వన్‌వే. ఒకసారి లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి దిగిరావడానికి లేదు, పైదాకా వెళ్ళాల్సిందే. మొదట ఆ బోర్డు పక్కనుంచి తేలిగ్గా నడిచి వెళ్ళిపోయాను. ఒక అరగంట తర్వాత నా బుర్రలో అది తప్ప ఇంకేమీ లేదు.

అందరూ నిచ్చెనల గురించే మాట్లాడతారు గానీ నన్ను ముందు పడేసింది దుంగలు. వాగు అడుగు పొడుగునా కోన గోడల మధ్య కాలు పెట్టడానికి చోటు లేని దగ్గర, నిచ్చెనని నేల మీద పడుకోబెట్టినట్టు చేసి వేశారు. రెండు పొడవాటి దుంగలు, వాటి మీద అడ్డంగా గుండ్రటి కర్రలు, కింద నీళ్ళు. కర్రకీ కర్రకీ మధ్య ఒక పాదం పట్టేంత సందు ఉంటుంది. కొత్తవి తెల్లగా, గరుగ్గా ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు. పాతవి నల్లబడి, పైన కంటికి కనిపించీ కనిపించని ఆకుపచ్చ పొర కట్టి, సబ్బు రాసినట్టు ఉన్నాయి. నేను చేసిన తప్పు ఏమిటంటే కర్ర మధ్యలో అడుగేసి నడవడం. మధ్యలోనే అందరూ తొక్కుతారు, అక్కడే నున్నగా అరిగిపోయి ఉంటుంది. కర్రని దుంగకి మేకు కొట్టిన చోట, అంటే అంచుల దగ్గర పాదం పెడితే జారదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, కుడి కాలు సర్రున జారి సందులోకి దిగి, ఎడమ మోకాలు ఠప్పున దుంగకి తగిలి, బూటు నిండా మంచునీళ్ళు నిండాక తెలిసింది. నొప్పి కన్నా ముందు ఆ చల్లదనానికి అరిచాను. వెనకాల వస్తున్న ఒక కుటుంబం ఆగిపోయారు, వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్ల నా పక్కనుంచి అంచుల మీద టకటకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు చూశాను ఆ పిల్ల కాళ్ళు ఎక్కడ వేస్తోందో.

మోకాలు వాచింది గానీ వంగుతోంది. మేనల్లుడి మొహంలో మొదటిసారి కాస్త టెన్షన్ కనిపించింది. "వెనక్కి వెళ్దామా మావయ్యా?" అన్నాడు. బాణం బోర్డు గుర్తుచేశాను. వాడు ఏమీ అనలేదు. నిజానికి మొదటి నిచ్చెన ఇంకా రాలేదు, అక్కణ్ణుంచి దిగిపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదేమో. పైకి రూలు పేరు చెప్పానే తప్ప, వాడి ముందు చిన్నబోవడం ఇష్టం లేకే అలా అన్నాను.

తర్వాత వచ్చింది మిసోవే జలపాతాలు. మిసా అంటే గిన్నె. నీళ్ళు పడి పడి బండలో గుండ్రటి గిన్నెల్లా తొలిచేశాయి, ఒక గిన్నె నిండి ఇంకో గిన్నెలోకి, అందులోంచి కిందికి. అవి చూడ్డానికే ఇంత దూరం వచ్చాం గానీ ఆ క్షణంలో నేను చూసింది నీళ్ళని కాదు. ఒకదాని మీద ఒకటిగా పైకి పోతున్న నిచ్చెనలు, వాటి మీద రంగురంగుల కోట్లేసుకున్న మనుషులు, పైపైకి వెళ్ళేకొద్దీ చిన్నగా. చిన్నప్పుడు ఆడిన వైకుంఠపాళి గుర్తొచ్చింది. నిచ్చెన ఎక్కితే స్వర్గం, సరే, మరి పాము ఎక్కడుంది అని వెతుక్కున్నాను.

శనివారం రావడం మా ఇంకో పొరపాటు. కింద క్యూ ఉంది. నిలబడ్డకొద్దీ తడిసిన కాలు మొద్దుబారుతోంది, భయం మాత్రం మొద్దుబారడం లేదు. నా వంతు వచ్చి మొదటి మెట్టు పట్టుకోగానే టికెట్ గదిలో పెద్దావిడ చెప్పింది ఏమిటో అర్థమైపోయింది. నీళ్ళు చిమ్మి చిమ్మి ఆ ఇనుము ఎంత చల్లగా ఉందంటే అరచేయి కాలినట్టు అనిపించింది. గ్లౌజులు. రుకావిత్సే అంటే గ్లౌజులు. పది మెట్లు ఎక్కేసరికి వేళ్ళకి స్పర్శ తెలియడం మానేసింది, పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుని నిర్ధారించుకోవాల్సి వచ్చింది. అసలే కళ్ళద్దాల మీద తుంపర.

నిచ్చెన ఎక్కడం కష్టమేమీ కాదు, ఆగడం కష్టం. ఎక్కుతున్నంతసేపూ ఒక చెయ్యి, ఒక కాలు, ఒక చెయ్యి, ఒక కాలు అని లెక్కపెట్టుకుంటూ పోవచ్చు, బుర్రకి పనుంటుంది. సగానికి వచ్చాక పైనున్నాయన ఆగిపోయాడు. పైన ఎవరో ఫోటో తీసుకుంటున్నారట. నేనూ ఆగాను. ఆగగానే పక్కన పడుతున్న నీళ్ళ హోరు ఒక్కసారిగా రెట్టింపైనట్టు వినిపించింది, మెట్ల సందుల్లోంచి కింద తెల్లటి నురుగు కనిపించింది, ఎడమ కాలు దానంతటదే టకటకా ఆడటం మొదలుపెట్టింది. నేను ఆడించడం లేదు, ఆపుదామంటే ఆగదు. కింద నుంచి మేనల్లుడు "మావయ్యా, మడమ కిందికి నొక్కు, మునివేళ్ళ మీద నిలబడ్డావు" అని అరిచాడు. నొక్కాను. ఆగిపోయింది. వాడికి ఈ విషయం ఎలా తెలుసో తర్వాత అడిగితే "అదే వీడియోలో" అన్నాడు. సరే, ఆ వీడియో మీద నాకున్న కోపం అక్కడితో సగం తగ్గింది.

రెండో నిచ్చెన నుంచి మోచేతిని మెట్టు చుట్టూ మెలిపెట్టి ఆగడం నేర్చుకున్నాను, అరచేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకోవచ్చు, ఒక్కొక్క చెయ్యే అనుకోండి. రెండు కాళ్ళూ ఒక చెయ్యీ గానీ, రెండు చేతులూ ఒక కాలూ గానీ, మూడు ఎప్పుడూ ఆనుకునే ఉండాలి, నాలుగోదే కదలాలి. ఇంకో మాట, నిచ్చెన కన్నా నిచ్చెన దిగే చోటే ప్రమాదం. చివరి మెట్టు మీద నిలబడి, నిచ్చెన వదిలి, పక్కనున్న గొలుసు అందుకుని, తడి బండ మీదికి ఒక పెద్ద అడుగు వెయ్యాలి. సరిగ్గా అక్కడే వీపున ఉన్న సంచీ మనల్ని వెనక్కి లాగుతుంది. సంచీకి నడుము దగ్గర బెల్టు ఉంటుందే, ఎవరూ పెట్టుకోరు, నేనూ పెట్టుకోను, అది ఎందుకిచ్చారో ఆ ఒక్క అడుగుతో తెలిసింది.

అన్ని నిచ్చెనలూ అయ్యాక పైన బండ మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటుంటే ఎండ పడింది. కోనలో ఎండ పడేది కాసేపే, రెండు గోడల మధ్యా ఆకాశం ఒక రిబ్బను ముక్కంత కనిపిస్తుంది. వసంతం అని పేరేగానీ గోడ మూలల్లో, నీడలో, మురికిపట్టిన మంచుగడ్డలు ఇంకా కరక్కుండా ఉన్నాయి, వాటికి నాలుగడుగుల దూరంలోనే పచ్చటి లేత ఆకులూ పసుపు పూలూ. చల్లగాలి బరువుగా కిందికి దిగి కోన అడుగున నిలిచిపోతుంది కాబట్టి ఇక్కడ పైన కొండ మీద కన్నా కింద కోనలోనే చలి ఎక్కువ, ఎత్తయిన పర్వతాల మీద పెరిగే మొక్కలు కూడా ఇంత కిందికి దిగొచ్చి బతుకుతాయి. నేను కూర్చున్న బండ పక్కన తడి ఆకుల్లోంచి నల్లటి బల్లిలాంటిది ఒకటి బయటికొచ్చింది. ఒళ్ళంతా పసుపు మచ్చలు, రబ్బరు బొమ్మలా నిగనిగలాడుతోంది. సాలమాండర్. అది ఒక కాలు ఎత్తి, ఆలోచించి, ఆ కాలు పెట్టి, ఇంకో కాలు ఎత్తింది. మూడు ఆనించి నాలుగోది కదపడం. దాన్ని చూసి నాకు నవ్వాగలేదు.

తర్వాత ఇంకా చాలా ఉంది గానీ అంత భయం లేదు. తొట్టిలా ఉన్న జలపాతం ఒకటి, చిన్న చిన్న దుముకులు, మళ్ళీ దుంగలు (అంచుల మీద నడిచాను). వాటిలో కిటికీ జలపాతం గురించి మాత్రం చెప్పాలి. వాళ్ళ భాషలో ఒకియెంకొవీ. నీళ్ళ పక్కనుంచి నిచ్చెన ఎక్కాక దారి బండలో ఉన్న ఒక కంత గుండా పోతుంది. నిజంగానే కిటికీలోంచి దూరినట్టు వంగి, సంచీ పైన గీసుకోకుండా చూసుకుంటూ అవతలికి వెళ్ళాలి. కింద నుంచి చూస్తే మనుషులు ఒక్కొక్కరే గోడలోకి మాయమైపోతున్నట్టుంటుంది. మేనల్లుడు అందులోంచి తల వెనక్కి పెట్టి నన్ను చూసి "టికెట్, టికెట్" అని అరిచాడు. క్యూలో ఉన్నవాళ్ళకి తెలుగు రాకపోయినా టికెట్ అన్న మాట తెలిసి అందరూ నవ్వారు, ఒకాయన నిజంగానే జేబులోంచి టికెట్ తీసి చూపించాడు.

పైకొచ్చేశాక అంతా చదునైన అడవి, మెత్తటి బురద దారి. కాళ్ళకి ఆ మాత్రం సుఖం చాలు. అక్కణ్ణుంచి క్లాష్టొరిస్కో అనే మైదానానికి నడిచాం. అక్కడ పాత మఠం ఒకటి శిథిలాల్లో ఉంది, కార్థూసియన్లనే క్రైస్తవ సన్యాసులది, 1299లో మొదలై 1543లో ఖాళీ అయింది. అంతకుముందు 1241, 42ల్లో మంగోలులు దండెత్తి వచ్చినప్పుడు చుట్టుపక్కల జనం ప్రాణాలు చేతబట్టుకుని పారిపోయి ఈ కొండల పైనే దాక్కున్నారట, అందుకే దీనికి ఆశ్రయమిచ్చిన శిల అని లాటిన్‌లో పేరు. ఎలా ఎక్కారో గానీ వాళ్ళకి నిచ్చెనలు ఎవరూ బిగించి పెట్టలేదు కదా. ఆ గోడల పక్క గడ్డిలో కూర్చుని సాక్సులు పిండి ఆరేసుకుని, వేడి సూప్ తాగి, మోకాలికి ఆయింట్‌మెంట్ రాసుకున్నాను. ఇంకో జత సాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చుకోవడం ఆ రోజు నేను చేసిన పనుల్లోకెల్లా తెలివైన పని.

ఇక్కడే ఒక చిన్న గొడవైంది. నా ఉద్దేశం తిన్నగా అడవి దారిన దిగిపోవడం. వాడికేమో హోర్నాడ్ నది గండి వెంబడి రావాలని. "నీళ్ళ పైన ఇనప మెట్లు మావయ్యా, నిచ్చెనలు కాదు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. నది పక్కన నిలువు గోడకి చిన్న చిన్న ఇనప జల్లెడ పలకలు బిగించి ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక పాదం, మహా అయితే రెండు పాదాలు పట్టేంత, చేత్తో పట్టుకోవడానికి గోడ పొడుగునా గొలుసు. 1970లలో పర్వత రక్షక దళం వాళ్ళు వేసిన దారి అది. పలక జల్లెడలోంచి కిందికి చూస్తే గోధుమ రంగు నది, మంచు కరిగిన నీళ్ళతో నిండుగా, చప్పుడు లేకుండా చాలా వేగంగా పోతోంది. జలపాతం అరుస్తూ భయపెడితే ఈ నది మాట్లాడకుండా భయపెట్టింది. అయినా పొద్దున్నుంచి పడ్డ పాట్లు ఊరికే పోలేదు, గొలుసుని లాగి వేలాడకుండా ఊరికే ఆసరాగా పట్టుకుని, బరువంతా కాళ్ళ మీదే ఉంచి నడిచేశాను. ఆడిన కాలు ఇక్కడ ఆడలేదు. ఎత్తు పోయిందనుకోకండి, ఎత్తు అలాగే ఉంది, నాకు దాన్ని చూసే తీరిక లేదంతే.

వెళ్దామనుకునేవాళ్ళు అడుగుతారు గనక చెప్తున్నాను. అరికాలు పట్టు ఉన్న బూట్లు లేకుండా వద్దు, మామూలు రన్నింగ్ షూస్‌తో వచ్చినవాళ్ళు దుంగల మీద పడిన పాట్లు చూశాను. తోటపనికి వాడే రబ్బరు పూత గ్లౌజులు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఫోన్ జేబులో వద్దు, నిచ్చెన మీద వంగినప్పుడు జారుతుంది, నీళ్ళలోకి పోతే పోయినట్టే. వాన పడేలా ఉంటే ఆ రోజుకి మానెయ్యండి, ఆ ఇరుకు గోడల మధ్య వాగు పొంగితే పక్కకి తప్పుకునే చోటే ఉండదు. వారం మధ్యలో, పొద్దున ఎనిమిదికల్లా మొదలుపెడితే నిచ్చెన మధ్యలో ఆగే బాధ ఉండదు. అక్కడే కీసెల్ అని ఇంకో కోన ఉంది, 1976లో మంటలంటుకుని నలభై ఏళ్ళు మూతపడి, 2016లో మళ్ళీ తెరిచారు, అయితే దానికి హెల్మెట్, నడుముకి తాళ్ళ పట్టీలు ఉండాలి. మేనల్లుడు అప్పుడే దాని గురించి వీడియోలు చూస్తున్నాడు. నేను చూడటం లేదు.

పొడ్‌లెసొక్ తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. టికెట్ గదిలో పెద్దావిడ కిటికీ తలుపు మూసుకుంటోంది. నేను దగ్గరికెళ్ళి రెండు అరచేతులూ విప్పి చూపించాను, ఎర్రగా, తుప్పు మరకలతో, కుడి బొటనవేలి కింద ఒక బొబ్బతో. "రుకావిత్సే" అన్నాను. ఆవిడ చేతులు చూసింది, నన్ను చూసింది, ఈసారి నవ్వింది. నవ్వి ఇంకో మాట ఏదో అంది, చాలా నిదానంగా, నాకు అర్థమవ్వాలని రెండుసార్లు. మేనల్లుడు తడిసిన సంచీలోంచి ఫోన్ బయటికి తీసి అనువాదం తెరిచేలోపు తలుపు మూసేసి, సైకిలెక్కి వెళ్ళిపోయింది.